చదివినదెల్ల జ్ఞానమగునా?

మనుష్యుడు తనకు తెలియునని చెప్పుకొను విషయములను ఒకనాడు తీరికగా కూర్చుండి విడదీసి చూచుకొనుట మంచిది. వానిలో స్వయముగా కన్నవి ఎన్ని, ఒకరు చెప్పగా విన్నవి ఎన్ని, పుస్తకములలో చదివినవి ఎన్ని? ఇట్లు లెక్క తీసినచో కన్నవి పిడికెడును, విన్నవి పుట్టెడును అని తేలును. తాను పుట్టిన దినము సైతము తల్లిదండ్రులు చెప్పగా తెలిసినదే గాని తాను చూచి యెరిగినది కాదు. హిమాలయములను చూడనివాడు హిమాలయములు కలవని నిస్సంశయముగా పలుకును. సముద్రమును కొలువనివాడు దాని లోతును అంకెలతో చెప్పును. ఇందు దోషము లేదు. ఇతరుల మాటను నమ్మనిచో లోకవ్యవహారము ఒక దినమైనను సాగదు. అయినను విన్నదానికిని తెలిసినదానికిని భేదము కలదా, కలదేని అది యేది, అను ప్రశ్న మాత్రము మిగిలియే యుండును.

ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని జ్ఞానమునకు నాలుగు ప్రమాణములను చెప్పిరి. శబ్దమనగా ఇచ్చట మాట. అయితే ప్రతి మాటయు ప్రమాణము కాదనియు, ఆప్తుని మాటయే ప్రమాణమనియు వారు నియమించిరి. ఆప్తుడనగా విషయమును యథార్థముగా ఎరిగినవాడు. ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. ఈ రెండు లక్షణములలో ఏ యొక్కటి లోపించినను అది వట్టి పలుకే యగును. ఇంతకాలము పండిత చర్చలలో మాత్రమే వినబడుచుండిన ఈ నియమము నేడు అనుకోనిచోట, అనగా యంత్రమునకు చదువు చెప్పువారి ముంగిట, మరల అక్కరకు వచ్చినది.

కంప్యూటరునకు లోకజ్ఞానమును అందించుటకు తొలినాళ్లలో అవలంబింపబడిన మార్గములలో ఒకటి గోరుముద్దలు తినిపించుట వంటిది. అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ నగరములో డగ్లస్ లెనాట్ అను శాస్త్రజ్ఞుడు 1984లో సైక్ అను మహాప్రయత్నమును ఆరంభించెను. తండ్రి కుమారునికంటె ముందు పుట్టినవాడు, చనిపోయినవాడు మరల అంగడికి పోడు వంటి, పసివారికి సైతము తెలిసిన సంగతులను విద్యావంతులు ఒక్కొక్కటిగా తర్కభాషలోనికి మార్చి యంత్రమునకు ఎక్కించిరి. లెనాట్ 2023లో మరణించువరకు, దాదాపు 40 సంవత్సరములు, ఈ దీక్షను విడువలేదు. కాని ప్రతి ముద్దయు ఒక మనుష్యుని చేతిమీదుగానే పోవలసియుండుటచే ఆ పని మిక్కిలి నెమ్మదిగా సాగినది.

రెండవ మార్గము యంత్రమునే చదువనిచ్చుట. పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు నగరములోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందు టామ్ మిచెల్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును 2010 జనవరిలో ఇట్టి విద్యార్థి నొకదానిని పనిలో పెట్టిరి. దాని పేరు నెల్. నెవర్ ఎండింగ్ లాంగ్వేజ్ లెర్నర్ అను ఆంగ్లనామమునకు అది సంగ్రహరూపము. విరామము లేక భాషను నేర్చుకొనునది అని భావము. రేయనక పగలనక అంతర్జాలపు పుటలను చదువుట, చదివినదానినుండి సంగతులను ఏరుకొనుట, నిన్నటికంటె నేడు మేలుగా చదువ నేర్చుట దాని నిత్యకృత్యములు. దానికి ఆధారముగా నిచ్చినవి సుమారు 50 కోట్ల పుటలు. 2010లో ప్రకటింపబడిన వ్యాసమును బట్టి, నగరములు, మనుష్యులు, వ్యాపారసంస్థలు, ఆటల జట్లు మొదలగు 123 వర్గములును, ఏ నగరము ఏ దేశమున నున్నది, ఏ శిక్షకుడు ఏ జట్టుకు నేర్పును వంటి 55 సంబంధములును దానికి ముందుగా చెప్పబడినవి. ప్రతి వర్గమునకు 10 మొదలు 15 వరకు ఉదాహరణలు మాత్రము ఇయ్యబడినవి. తక్కినది అది చదివి నేర్చుకొనవలెను.

అది చదువు తీరు గమనింపదగినది. నెల్ చదివినది ఆంగ్లమే యైనను తెలుగు వాక్యముతో దానిని తెలియజేయవచ్చును. విజయవాడ నగరమని ముందే చెప్పబడినదనుకొందము. విజయవాడ మొదలగు నగరములలో అను మాట ఒకచోట దానికి కనబడును. మొదలగు నగరములలో అను దానికి ముందు వచ్చునది నగరమని అది ఊహించును. పిమ్మట మరియొక పుటలో గుంటూరు మొదలగు నగరములలో అని చూచి, గుంటూరును నగరముల పట్టికలో చేర్చదలచును. ఆ గుంటూరు మరికొన్ని క్రొత్త వాక్యరీతులను చూపును. ఆ రీతులు మరికొన్ని నగరములను చూపును. ఇట్లు ఉదాహరణ వలన రీతియు, రీతి వలన ఉదాహరణయు పెరుగును. అయితే ఒక్క వాక్యమును చూచినంతనే నమ్మరాదని దానికి కట్టడి కలదు. వాక్యములలోని పొందికను చూచునది ఒకటి, పుటలలోని పట్టికలను చూచునది ఒకటి, మాట యొక్క రూపమును చూచునది ఒకటి, ఇట్లు వేర్వేరు పరీక్షకులు దానియందే కలరు. వారి సాక్ష్యములను కలిపి తూచి, బలము చాలినప్పుడే ఒక సంగతి నమ్మకముగా స్థిరపడును. నగరమైనది మనుష్యుడు కాజాలదు వంటి నిషేధములు కూడ తప్పులను కొంతవరకు ఆపును.

ఇంత జాగ్రత్త యుండియు ఫలితమేమి? 67 దినముల చదువు ముగియునప్పటికి నెల్ సేకరించిన నమ్మకములు 2,42,000కు పైబడినవి. వానిలో నూటికి 74 సరియైనవని పరిశోధకులు అంచనా వేసిరి. అనగా నూటికి 26 తప్పులు. ఆ తప్పులలో ఒకటి జగత్ప్రసిద్ధమైనది. ఆంగ్లమున కుకీ అనగా పొయ్యిలో కాల్చిన తీపి బిస్కట్టు వంటి తినుబండారము. అంతర్జాలమున ఆ మాటకే వేరొక అర్థము కలదు. ఒక పుటను చూచినప్పుడు చూచినవాని కంప్యూటరులో మిగిలిపోవు చిన్న గుర్తును కూడ కుకీ యనియే పిలుతురు. రొట్టెలను, కేకులను చక్కగా గుర్తించుచుండిన నెల్, ఈ అంతర్జాలపు కుకీలను కూడ కాల్చిన తినుబండారములలో చేర్చినది. అంతటితో పోలేదు. జనులు కుకీలను చెరిపివేసితిమని వ్రాయుదురు. కంప్యూటరు ఫైళ్లను చెరిపివేసితిమనియు వ్రాయుదురు. కావున ఫైళ్లు కూడ పొయ్యిలో కాల్చినవే కావలెనని అది నిర్ణయించినది. ఒక తప్పు మరియొక తప్పునకు గురువైనది. తుదకు ఆచార్య మిచెల్ తానే ఆ దోషమును దిద్ది, ఆ పాఠమును మరల మొదలుపెట్టింపవలసి వచ్చెను. తొలి ఆరు మాసములు దాదాపు ఒంటరిగా చదివిన ఆ విద్యార్థికి అటుపిమ్మట మనుష్యులు అప్పుడప్పుడు తప్పులు చూపుట ఏర్పాటైనది.

ఈ కథను విని నవ్వుట సులభము. కాని నవ్విన పిమ్మట ఆలోచింపవలెను. నెల్ మూర్ఖత్వము వలన తప్పు చేసినది కాదు. తన కున్న సాక్ష్యములకు తగినట్లే నడచుకొన్నది. దాని లోపము ఎచ్చట నున్నది? మన శాస్త్రచర్చలో దీనికి వెలుగు దొరకును. జ్ఞానము పుట్టినప్పుడే ప్రమాణమనియు, దానిని కాదను బాధకము ఎదురైనప్పుడు మాత్రమే అప్రమాణమగుననియు మీమాంసకులు చెప్పిరి. కాదు, జ్ఞానము సరియైనదా యని వేరొక ఆధారము వలననే నిశ్చయింపవలెనని నైయాయికులు వాదించిరి. దూరమున నీరు కనబడినది. అది నీరో ఎండమావియో ఎట్లు తెలియును? పోయి త్రాగగా దాహము తీరినచో నీరు. నైయాయికులు కోరిన ఆధారము ఇట్టిది: ప్రవర్తించి చూచుట, ఫలము పొందుట. నెల్ కూడ ఒక్క సాక్షిని నమ్మదు, మరియొక సాక్షిని అడుగును. కాని దాని సాక్షులందరును వ్రాతలే. ఒక వ్రాత సరియైనదా యని మరియొక వ్రాతను అడుగును. ఎన్ని పుటలు తిరిగినను అది నీటిని త్రాగి చూచుట లేదు. కుకీని ఒక్కమారు కొరికి చూచిన శిశువు ఫైలును పట్టుకొని రొట్టెముక్క యనడు.

ఇచ్చట పూర్వపక్షము లేవవచ్చును. మనుష్యుడు మాత్రము ప్రతి నీటిని త్రాగి చూచినాడా? పైన చెప్పినట్లు అతనికి తెలిసినదానిలో అధికభాగము విన్నదే కదా. చంద్రునిపై మనుష్యుడు 1969లో కాలుమోపెనని నమ్మువారిలో అచ్చటికి పోయి చూచినవారెందరు? విన్నదానిని నమ్ముట మనుష్యునియందు జ్ఞానమై, యంత్రమునందు కాకపోవుట పక్షపాతము కాదా? ఈ ఆక్షేపణ బలమైనది, దీనిని త్రోసివేయరాదు.

దీనికి సమాధానము రెండు విధములుగా చెప్పవచ్చును. మొదటిది: మనుష్యుడు విన్నదంతయు కొద్దిపాటి కన్నదానిపై నిలిచియున్నది. నీటిని, నిప్పును, ఆకలిని, నొప్పిని స్వయముగా ఎరిగినవాడు కావుననే వానిని గూర్చిన పరుల మాటలకు అతనియందు అర్థము పుట్టును. పునాది చిన్నదైనను భూమిలో నాటుకొనియున్నది. నెల్ వంటి యంత్రమునకు ఆ పునాది లేదు. మాటకు ఆధారము మాట. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. మనుష్యుడు ఒక మాటను చెప్పినప్పుడు ఆ మాటకు తాను పూచీపడుచున్నాడు. అది అబద్ధమని తేలినచో సిగ్గుపడును, నష్టపడును, క్షమాపణ కోరును, మరునాడు జాగ్రత్తపడును. ఆప్తుని లక్షణములలో ఎరుకయే గాక, ఉన్నదున్నట్లు చెప్పవలెనను కోరిక కూడ చేర్చిన పెద్దల వివేకము ఇచ్చట తెలియును. తెలియుట యనగా తలలో చేరుట మాత్రమే కాదు, చెప్పినదానికి జవాబు చెప్పుకొనుట కూడ. అర్ధరాత్రమున జ్వరముతో కాగుచున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని, మందు ఎంత వేయవలెనని ఒక తల్లి యంత్రమును అడిగినదనుకొందము. యంత్రము ఒక అంకె చెప్పును. వైద్యుడును ఒక అంకె చెప్పును. రెండంకెలు ఒకటే కావచ్చును. కాని తెల్లవారిన పిమ్మట ఆ తల్లి ముఖమును చూడవలసినవాడు వైద్యుడే.

వ్రాతపైననే ఆధారపడువానికి మరియొక చిక్కు కలదు. లోకమున జరుగునదంతయు వ్రాతకెక్కదు. వ్రాతకెక్కినది జరిగినంత నిష్పత్తిలో ఎక్కదు. నల్లకాకిని గూర్చి ఎవరును వ్రాయరు. తెల్లకాకి కనబడినచో పత్రికలో పడును. పత్రికలనే చదివి కాకులను గూర్చి నేర్చుకొనువాడు ఏమి నేర్చుకొనును? అట్లే ఒక అబద్ధమును వేయిమంది చూచి వ్రాసికొన్నచో వేయి సాక్షులు పలికినట్లు కనబడును. నిజమునకు సాక్షి ఒక్కడే, అతడును పొరబడినాడు. ఇక కుమ్మరి చేతికి తెలిసిన మట్టి పదును, దాయి చేతికి తెలిసిన కడుపులోని బిడ్డ తీరు, ముదుసలి సేద్యగాడు గాలిని బట్టి చెప్పు వానజాడ ఏ పుటయందును దొరకవు. అంతర్జాలమున విస్తారముగా వ్రాయు భాషల వారి తలపులు యంత్రమునకు లోకమంతటి తలపులుగా తోచును. తక్కువగా వ్రాయు జనుల యెరుక దానికి లేనట్లే యగును.

విరామము లేక నేర్చుకొనుటయందును ఒక ధర్మసూక్ష్మము కలదు. సంగతులు కొన్ని కాలముతో మారును. ఆంధ్రుల రాజధాని ఏది యని అడిగినచో, 1953 అక్టోబరు 1 పిమ్మట కర్నూలు. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశమునకు హైదరాబాదు. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైన పిమ్మట పది సంవత్సరములకు మించని కాలమునకు హైదరాబాదు ఉభయ రాష్ట్రములకు ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2 నుండి తెలంగాణమునకు మాత్రమే. ప్లూటో 1930లో కనుగొనబడి గ్రహముగా ఎంచబడినది. 2006లో ఖగోళశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము దానిని గ్రహముల వరుసనుండి తొలగించినది. పాత పుటలును క్రొత్త పుటలును ఒకే గంపలో వేసి చదువువానికి ఇవన్నియు పరస్పర విరుద్ధములుగా కనబడును. సత్యమునకు కాలమును జతచేయ నేర్వనివాడు ఎంత చదివినను నిలకడ పొందడు.

క్రొత్తది నేర్చుకొనుచు పాతదానిని కోల్పోవుట మరియొక ఆపద. మెదడు నరముల అల్లికను అనుకరించి చేసిన యంత్రజాలమునకు మక్లాస్కీ, కోహెన్ అను పరిశోధకులు ఒకటితో కూడు కూడికలను నేర్పి, పిమ్మట రెండుతో కూడు కూడికలను నేర్పిరి. రెండవ పాఠము వచ్చునప్పటికి అది మొదటి పాఠమును మరచినది. వారు దీనిని 1989లో ప్రకటించిరి. ఇక యంత్రములు వ్రాసినదానిని యంత్రములే చదువుట ఆరంభమైనచో ఏమగునో 2024లో నేచర్ పత్రికయందు వెలువడిన పరిశోధన చూపినది. ఒక తరపు యంత్రము వ్రాసినదానిని తరువాతి తరమునకు పాఠముగా నిచ్చుచు పోయిరి. అరుదైన సంగతులు ముందుగా మాసిపోయినవి. మధ్యయుగపు కట్టడములను గూర్చిన వాక్యమును అందించినను, తొమ్మిదవ తరపు యంత్రము కుందేళ్ల తోకల రంగులను వల్లించినది. అంధపరంపరా న్యాయమని మన పెద్దలు చెప్పినది ఇదియే. పుట్టుగ్రుడ్డి యొకడు రంగును గూర్చి మరియొక గ్రుడ్డికి చెప్పగా, అతడు ఇంకొకనికి చెప్పగా, వరుస ఎంత పొడవైనను అందు చూచినవాడు ఒక్కడైనను లేడు.

ఇంతవరకు యంత్రము యొక్క లోపములే చెప్పబడినవి. న్యాయము కొరకు దాని గుణమును కూడ చెప్పవలెను. 2018లో ప్రకటింపబడిన వ్యాసమునాటికి నెల్ నమ్మకములు 12 కోట్లకు చేరినవి. కాని అది ప్రతి నమ్మకము పక్కను, దీనిని ఎంతవరకు నమ్ముచున్నాను అను అంకె నొకదానిని ఉంచుకొన్నది. ఏ ఆధారము వలన ఇది తనకు చేరినదో గుర్తుంచుకొన్నది. అధికభాగమును గట్టి నమ్మకముగా నెంచక, సంశయముగానే అట్టిపెట్టినది. మనుష్యులలో ఎందరు ఇట్లు చేయుదురు? పొరుగువానిని గూర్చి విన్న నింద ఎవరు చెప్పగా వచ్చినదో మరచిపోయి, నింద మాత్రము నిజముగా నిలుపుకొనువారే మెండు. ఈ విషయమున ఆ యంత్రము మనుష్యునకు పాఠము చెప్పదగినది. అటుపిమ్మట ఇటీవలి సంవత్సరములలో వచ్చిన మహాభాషాయంత్రములు నెల్‌కంటె ఎన్నియో రెట్లు చక్కగా మాటలాడును. కాని అవి చదివినది లెక్కకు మించిన అంకెలలో కరగి కలిసిపోవుటచే, ఏ మాట ఏ పుటనుండి వచ్చినదో విడదీసి చూపుట దుర్ఘటము. వాగ్ధాటి పెరిగినది, ఆధారమును చూపు శక్తి వెనుకబడినది. సభలో తడబడుచు ఆధారముతో పలుకు పండితునికంటె, ధారాళముగా ఆధారము లేక పలుకువానికే చప్పట్లు దొరకుట మనుష్యులలోను ఉన్నదే.

కావున చదివినదెల్ల జ్ఞానమగునా యను ప్రశ్నకు సమాధానము ఇది: కాదు, యంత్రమునకే గాక మనుష్యునకును కాదు. చదివినది జ్ఞానమగుటకు మూడు కావలెను. అది ఎచ్చటినుండి వచ్చెనో తెలియుట. ప్రవర్తనలో పెట్టి చూచుట. తప్పని తేలినప్పుడు ఒప్పుకొని విడుచుట. మొదటిదానిని యంత్రము కొంతవరకు చేయగలదని నెల్ చూపినది. రెండవది, మూడవది మాత్రము దానిని నిర్మించినవారు, నడుపువారు, దాని మాటను తీసికొని వ్యవహరించువారు తమ మీద వేసికొనవలసిన భారములు. యంత్రము చెప్పినదని తప్పుకొనుట, ఎవరో అనగా విన్నానని నింద మోయువాని మాట వంటిదే.

వ్రాయువారికిని ఇందు ఒక కర్తవ్యము కలదు. మునుపు ఒకడు అసత్యమును వ్రాసినచో దానిని చదివిన నలుగురు చెడుదురు. నేడు వ్రాసిన ప్రతి పంక్తియు, వ్రాసినవానికి తెలియకయే, ఎన్నడును నిదురింపని విద్యార్థి యొకనికి పాఠమగుచున్నది. ఆ విద్యార్థి దానిని కోట్లమందికి తిరిగి చెప్పును. అట్టివానికి గురువులమగుచున్నామను ఎరుకతో కలము పట్టుట మంచిది. అడుగువారు, ఇది నీకెట్లు తెలిసెను అను ప్రశ్నను యంత్రమును అడుగుటకు మాత్రమే గాక, ప్రతి రాత్రియు ఒకమారు తమ్ము తాము అడిగికొనుటకును అభ్యసింతురు గాక.